నూకాలమ్మ పాటలో ఏడో పొలం

విశాఖపట్నం వెళ్ళొచ్చి పన్నెండు రోజులైంది. మా నంద్యాలలో అడిగినవాళ్ళందరికీ సముద్రం గురించి చెప్పాను, చేపల కూర గురించి చెప్పాను. అసలు వెళ్ళిన పని గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడం కంటే రాయడమే తేలికనిపించింది.

జముకుల కథ చెప్పే నూకాలమ్మ పోయి ఏడాదయింది. ఆమె పేరు మా వైపు ఎవరికీ తెలియదు. ఆమె పాట ఒకటి మాత్రం మా జిల్లాలో చాలామందికి తెలుసు, నా పాటగా. ముప్పై ఏళ్ళ కిందట తెలుగు పండిత శిక్షణకు విశాఖలో ఉన్నప్పుడు గాజువాక దాటాక ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. నా గది వెనక వీధే ఆమెది. ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ కాలనీ అది. సాయంత్రాలు ఆమె అరుగు మీద కూర్చుని ఆ పాట నేర్చుకున్నాను. "ఊరు బండెక్కింది ఓయమ్మ సూడే" అని మొదలవుతుంది. అలా పోయిన తమ ఊరి మీద ఆమే కట్టుకున్న పాట.

ఉద్యోగంలో చేరాక ఉపాధ్యాయుల పోటీల్లో దాన్ని పాడాను. బహుమతి వచ్చింది. ఇక ఏ సభ జరిగినా "సుబ్బయ్య సారూ, ఆ ఊరి పాట!" అనేవాళ్ళు. మొదట్లో ఆమె పేరు చెప్పి పాడేవాణ్ణి. పోనుపోను, సమయం చాలదని పేరు చెప్పడం మానేశాను. ఒక్కసారైనా వెళ్ళి చూసిరావాలని ప్రతి వేసవికీ అనుకునేవాణ్ణి. ముప్పై వేసవులు అలాగే గడిచిపోయాయి.

మొన్న ఆమె కూతురు సత్యవతి ఫోన్ చేసింది. "అమ్మ పేరున పాటల సభ పెడతన్నాం మాస్టారూ. మీరు తప్పకుండా రావాల. మీతోటే పనున్నాది" అంది. ఏం పని అని నేనడగలేదు. సన్మానమేమో అనుకున్నాను. పెట్టెలో ఇస్త్రీ చేసిన పట్టు కండువా కూడా పెట్టుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

వన్‌టౌన్

సభకు ఒకరోజు ముందే దిగాను. విశాఖ వాళ్ళు తమ పాతపట్నాన్ని వన్‌టౌన్ అంటారు. సన్నటి సందుల చివర హార్బరు క్రేన్లు కనిపిస్తుంటాయి. ఇంటి మీద ఇల్లు వాలినట్టున్న ఆ పెంకుల కప్పుల వెనక నుంచి ఓడ కూత వినిపిస్తే, అలవాటు లేని నాకు ప్రతిసారీ ఉలికిపాటే.

డోలకులకూ డప్పులకూ తోళ్ళు బిగించే ఖాదర్ భాయ్ దుకాణం అక్కడే. నూకాలమ్మ జముకుకు తోలు ఆయన దగ్గరే వేయించేదని సత్యవతి చెప్పింది. జముకు చూడనివాళ్ళకు ఒక్క మాట. అది లోతైన కుండలాంటి వాయిద్యం. ఒక వైపు తోలు, తోలు నడుమ నుంచి ఒక తీగ. కుండను చంకలో ఇరికించి, తీగను ఒక చేత్తో లాగిపట్టి, రెండో చేత్తో మీటుతారు. జుం జుం అని మోగుతుంది. బిగువు పెంచేకొద్దీ ఆ మోత ఏడుస్తున్నట్టు పైకి పోతుంది.

ఖాదర్ భాయ్‌కి డెబ్బై దాటాయి. నేను నూకాలమ్మ పేరు చెప్పగానే పని ఆపి స్టూలు తుడిచి వేశాడు. ఇరానీ చాయ్ తెప్పించాడు. డబ్బులివ్వబోతే చేయి పట్టుకున్నాడు. మా ఊళ్ళో టీ గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ సగానికే పోసి, అది అయ్యాక మళ్ళీ సగం తెచ్చారు. వేడి తగ్గకుండా తాగాలంట.

"నూకాలమ్మ బేరమాడదు సార్" అన్నాడు. "తోలు మీద ఒక్క దెబ్బేసి సెవి పెడతాది. నచ్చకపోతే ఇంకోటి తియ్యి భాయ్ అంటాది. ఒకసారి పదకొండు తోళ్ళు తీయించినాది. నాకు కోపమొచ్చింది. పన్నెండోది బిగించాక ఇక్కడే కూకోని ఒక పాట పాడినాది. ఈది మొత్తం ఆగిపోనాది సార్."

పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయిన తర్వాత కూడా ఏడాదికోసారి వచ్చేదట. మాట లేదు. తోలు మీద వేలితో కొట్టి, చెవి పెట్టి, తల ఊపేది. ఎనిమిదేళ్ళు అలాగే వచ్చిందన్నాడు.

ఎనిమిదేళ్ళు! ఆమెకు ఒంట్లో బాగాలేదని నాకు తెలుసు. మాట పడిపోయిందని ఆ స్టూలు మీద కూర్చున్నాకే తెలిసింది. చాయ్ మిగతా సగం తాగలేకపోయాను.

బీచ్ రోడ్డు

సాయంత్రం ఏమీ తోచక సముద్రం దగ్గరికెళ్ళాను. ఇసుకలో బండి మీద బొరుగులు కలుపుతోంది ఒకామె. "బొరుగులు ఎంతమ్మా?" అంటే ఆమెకు అర్థం కాలేదు. చేత్తో చూపించాను.

"మురీలా? మురీ మిక్చరు ముప్పై. బొరుగులంటే ఏటండీ, ఎవలూరు మీది?"

నంద్యాల అని చెప్పి, మా వైపు వాటిని నానబెట్టి ఉగ్గాని చేసుకుంటామని, పక్కన మిరపకాయ బజ్జీ లేనిదే అది నోట్లోకి పోదని చెప్పాను. ఆమె నమ్మలేదు. "మురీలు నానబెడితే ఇంకేటుంతాది, గుజ్జయిపోదేటి?" అని పక్క బండామెకు కూడా చెప్పి నవ్వింది. టమాటా, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇచ్చింది. కరకరలాడుతూ బాగుంది. ఆ మాటకొస్తే మా ఉగ్గాని కంటే బాగుంది, ఇంట్లో చెప్పలేదు.

అది తింటూ నీళ్ళ అంచున నిలబడితే ఒక అల వచ్చి ఎడమకాలి చెప్పును తీసుకుపోయింది. వెంటపడ్డాను. మోకాళ్ళ దాకా తడిశాను, చెప్పు మాత్రం దొరకలేదు. రోడ్డు పక్క బండి మీద నూటయాభైకి నీలం రంగు రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. పట్టు కండువాకూ ఆ చెప్పులకూ పొంతనే లేదు.

కాలనీ

మర్నాడు మద్దిలపాలెం నుంచి గాజువాక వైపు బస్సెక్కి, ఒక స్టాపు ముందే దిగిపోయాను. నాకు తెలిసిన కాలనీలో రేకుల ఇళ్ళు, వేపచెట్లు, వీధి చివర చేతిపంపు ఉండేవి. ఇప్పుడన్నీ రెండు మూడంతస్తులు, కిందంతా షాపులు. దారి అడిగితే ఒక ఆటో అతను ఇంకో ఆటో అతన్ని కేకేశాడు.

"బావా, జముకుల నూకాలమ్మ ఇల్లు ఎటు?"

"ఈదికెళ్ళొద్దు, హాలు కాడికెళ్ళమను. జనం మొత్తం ఆడే ఉన్నారు."

నలభై రూపాయలకు బేరం కుదిరింది. దింపాక మాత్రం అతను డబ్బు తీసుకోలేదు. "ఆవిడ కోసమొచ్చినోల్ల దగ్గర తీసుకోనండి" అని బండి తిప్పుకుని పోయాడు. అప్పటికి నాకు సంతోషంగానే ఉంది. ఆమె మీద ఉన్న ఆ గౌరవంలో నా వంతు కూడా కొంత ఉన్నట్టు అనిపించింది.

కమ్యూనిటీ హాలు నిండుగా ఉంది. గుమ్మం ఎదుట నూకాలమ్మ ఫోటో, బంతిపూల దండ. మా వైపు ఏడాది తద్దినమంటే ఇల్లంతా గొంతు తగ్గించుకుని మసలుతుంది. ఇక్కడ పొద్దున పదింటికే తప్పెటగుళ్ళ వాళ్ళు గజ్జెలు కట్టుకుని హాలు అదరగొడుతున్నారు. చూస్తున్న ముసలమ్మలు ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూనే కాళ్ళతో తాళం వేస్తున్నారు.

సత్యవతి ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేనున్నప్పుడు పదిహేనేళ్ళ పిల్ల, ఇప్పుడు జుట్టు నెరిసింది. "వచ్చీసినారా మాస్టారూ, రారేమోనని బెంగెట్టేసుకున్నాను. ముందు అంబలి తాగండి."

సోడి అంబలి ఇచ్చింది. మా రాగులనే వీళ్ళు సోళ్ళు అంటారు. మేము గట్టిగా సంగటి ముద్ద చేసుకునేదాన్ని వీళ్ళు పలచగా కాచి మజ్జిగ పోసి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. మధ్యాహ్నం భోజనంలో ఎండు నెత్తళ్ళు, వంకాయ కలిపి వండారు. వేలెడంత కూడా లేని చేపలు. సంవత్సరీకం నాడు చేపలేంటని నేను తటపటాయిస్తుంటే వడ్డించే ఆమె, "నూకాలమ్మకి ఇదంటే పేణమండి, ఏసుకోండి" అని గరిటె బోర్లించింది.

తిన్నాక సత్యవతి నన్ను హాలు లోపలి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడకు కొత్తగా తెల్ల సున్నం. దాని మీద నీలం అక్షరాలతో పాట. రెండు చరణాలు పూర్తయ్యాయి. కింద సగం గోడ ఖాళీగా ఉంది. పెయింటరు బల్ల మీద నిలబడి బ్రష్ కడుక్కుంటున్నాడు.

"అమ్మ పాట మొత్తం ఇక్కడ రాయిద్దామనుకున్నాం. స్టేజీల మీద పది నిమిషాలే ఇచ్చీవోరు కదా, రెండు సరణాలు పాడి దిగిపోయేది. మూడోది మాలో మేమున్నప్పుడే పాడీది. నాకు వంతే వచ్చు, ఆఖర్న 'ఓయమ్మా' అనడమే. ఫోన్లలో ఉన్న అమ్మ వీడియోలన్నీ ఎతికినాం. ఎక్కడా మూడోది లేదు. మీకు అమ్మ కూకోబెట్టి నేర్పినాది కదా. అదే పని."

మూడో చరణం

నన్ను ముందు కూర్చోబెట్టారు. పక్కన పైడయ్య జముకు పట్టుకున్నాడు. నూకాలమ్మకు నలభై ఏళ్ళు వంత పాడి, వాయించిన మనిషి ఆయన. పిడికెడంత శరీరం, కళ్ళకు మందపాటి అద్దాలు. చెవులూ సరిగా వినపడవు, తీగ మోత మాత్రం చంకలో తెలుస్తుందన్నాడు.

ఊరు బండెక్కింది ఓయమ్మ సూడే
దూలాలు తలుపులు తాడేసి కట్టి

మొదటి రెండు చరణాలు హాలంతా నాతో కలిసింది. నా గొంతు నాకే బాగా అనిపించింది. మూడో చరణం ఎత్తుకున్నాను.

ఎక్కడున్నావమ్మ పచ్చనీ సీమా
ఎక్కడున్నావమ్మ పసిడి పంటా

పెయింటరు "ఎక్కడ" అని రాయడం మొదలుపెట్టాడు. రెండో పాదం అవుతుండగా జముకు ఆగిపోయింది. పైడయ్య సరిగా వినపడలేదేమోనని నా మొహంలోకి వంగి చూశాడు.

"మేస్టారూ, ఇది ఎవల పాట?"

ఆయన మళ్ళీ అన్నాడు. "ఇందులో పేర్లుండాల. నాను వంత పట్టినాను కదా. పేరు పేరుకీ 'ఓయమ్మా' అని పట్టినాను. నూకాలమ్మ ఒక్కో పొలం పేరూ సెప్పి, నిన్ను నువ్వు ఎవులికిచ్చేవమ్మా అని అడిగీది. పసిడి పంట ఎక్కడిది?"

అప్పుడు చెప్పాను, ఉన్నదున్నట్టు. పేర్లు ఉండేవి. తీసేసింది నేనే. నంద్యాలలో ఆ పేర్లు ఎవరికి తెలుస్తాయనుకున్నాను. పోటీకి అవి మోటుగా ఉంటాయనుకున్నాను. సాహిత్యం బాగుచేస్తున్నానని కూడా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు నా మాటలే పాడి పాడి, అసలువి నా నోట్లోంచే చెరిగిపోయాయి. రాసుకున్న నోటుపుస్తకం ఏ బదిలీలో పోయిందో తెలియదు.

"ఎన్ని పేర్లు?" అన్నాడు పైడయ్య. "నాకు వంతే గుర్తు. లెక్క లేదు."

"అయిదో, ఆరో..." అన్నాను.

"ఏడు" అంది సత్యవతి.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మూడేళ్ళ కిందట మీరు పాడిన వీడియో ఎవలో పంపినారు, ఆ ఫోను ఇప్పుడు లేదు. అమ్మకి సూపించినాను. మంచంమీద కూకోని, నవ్వుతూ, తలూపుతూ సూసినాది. మూడో సరణం రాగానే ఎడం సెయ్యి పైకెత్తినాది. కుడిసెయ్యి పడిపోనాది కదా. బొటనవేలు మడవడానికి రెడీగా పెట్టుకున్నాది. మీ పాట ఎల్లిపోతంది, అమ్మ ఏలు మడవలేదు. అయిపోయాక మళ్ళీ పెట్టమని సైగ చేసినాది. మళ్ళీ పెట్టినాను. మళ్ళీ అలగే. అప్పుడు నా మొగమ్మీదకి సెయ్యి తెచ్చి సేతి ఏళ్ళు అయిదూ, తరవాత రెండూ సూపించినాది. నాకేటి తెలుసు? ఏడింటికి మాత్ర ఎయ్యమంటందేమో అనుకున్నాను. మాత్ర ఇచ్చీసినాను." ఆగింది. "మింగీసినాది."

నేను తల దించుకున్నాను. కొత్త నీలం చెప్పులు కనిపించాయి. ఆ వీడియో నేనే అందరికీ పంపిన వీడియో.

చాలాసేపటికి వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. "ఈతల గరువు ఉండాల. మాదే అది" అంది. గరువంటే మెరక నేల. ఎవరో "సాకలి బంద" అన్నారు. ఒక పెద్దాయన "నక్కల మెట్ట" అనగానే, నాకెక్కడో తలుపు తీసినట్టయి "జంటమళ్ళు!" అని అరిచాను. అవునవునన్నారు. గెడ్డపల్లం ముందా, ముంతమెట్ట ముందా అని ఇద్దరు ముసలివాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. పోయిన పొలాలు కావు, ఉన్న పొలాలైనట్టే వాదించుకున్నారు. పైడయ్య రెండు రకాలుగా వాయించి చూసి గెడ్డపల్లమే ముందన్నాడు.

ఆరు అయ్యాయి. ఏడోది రాలేదు.

అందరి పొలాలూ వచ్చాయి, నూకాలమ్మ వాళ్ళది రాలేదు. ఊరికి ఆ చివర ముప్పాతిక ఎకరం ఉండేదట. దాని పేరు ఊరందరూ పిలిచేది కాదు, వాళ్ళింట్లో పిలుచుకునేది. ఊరు వదిలేనాటికి సత్యవతి చంకలో పిల్ల. వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. హాలంతా నావైపు చూసింది. ఆ పేరు నోటితో పలికినవాళ్ళలో బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కళ్ళు మూసుకున్నాను. ఏడో పేరుకు ముందు ఆమె ఊపిరి తీసుకునేది, గుర్తుంది. ఆ ఒక్కచోటే రాగం కిందికి దిగుతుంది. అనేటప్పుడు కొంచెం నవ్వేది, ముద్దుపేరు చెబుతున్నట్టు. అరుగు, ఆమె వక్కాకు వాసన, చీర అంచు రంగు కూడా కనిపిస్తున్నాయి. మాట మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట "పసిడి పంటా" కూర్చుని ఉంది.

సాయంత్రం ఆరు పేర్లతో పాడారు. నన్ను పాడమనలేదు, పాడొద్దనీ అనలేదు. నేను వంతలో కలిశాను. ఆరో పేరుకు "ఎవులికిచ్చేవమ్మ" అన్నాక, ఏడో పేరు రావాల్సిన చోట అందరూ ఆగారు. పైడయ్య ఒక్కడే ఆ నాలుగు దెబ్బల సేపూ తీగ మీటాడు. తర్వాత "ఓయమ్మా" అన్నాం. పట్టు కండువాను సంచిలోంచి తీయనే లేదు.

గోడ అవతల

మర్నాడు ఉదయం సత్యవతి నన్ను వాళ్ళ ఊరు ఉండిన వైపు తీసుకెళ్ళింది. ప్రహరీగోడ దాకానే పోగలం. అవతల నీలగిరి చెట్లు, వాటి వెనక దూరంగా పొగగొట్టాలు. గోడ పక్కన మట్టిదారిలో ఒకామె చేపల తట్టతో నడిచిపోతోంది.

"అమ్మకి కాళ్ళాడినన్నాళ్ళు నెలకోసారి ఇక్కడికొచ్చీది" అంది సత్యవతి. "అదిగో, ఆ సెట్ల కేసి సూసీది. మా పొలం అటే ఉండీదంట. ఎక్కడని నానెప్పుడూ అడగలేదు మాస్టారూ. నిన్న అందరూ మీ వంకే సూసినారు గానీ, ఇంట్లో ఉన్నదాన్ని నాను. నలభై ఏళ్ళు పక్కనున్నాను."

"పాట నేర్చుకున్నప్పుడు అడగాల్సింది నేను కదమ్మా, ఈ పేరేంటి, ఎందుకు నవ్వుతున్నావని" అన్నాను.

"ఒక మాటడగనా?" అంది సత్యవతి. "మీరు తెలుగు మేస్టారు. తాళానికి సరిపోయే మాట మీకు ఇట్టే వచ్చీస్తాది. ఏదో ఒక పేరెట్టీయండి. ఆ గోడ మీద జాగా అలగ ఖాళీగా ఉంటే సూళ్ళేకపోతన్నాను. అది అమ్మ పెట్టింది కాదని ఎవలికి తెలస్తాది? పెయింటరు మధ్యాన్నం దాకా ఉంతాడు."

ఆమె అడగడం పూర్తి కాకముందే నా నోట్లోకి మాటలు వచ్చేశాయి. చిన్నారి మడి. మల్లెల గరువు. బంగారి పల్లం. మూడూ తాళంలో సరిగ్గా ఒదిగాయి. మూడూ బాగున్నాయి. ఆమె నా మొహంలోకే చూస్తోంది. వచ్చిందని పసిగట్టిందేమో, కళ్ళలో ఆశ కనిపించింది.

"నాకు రాదమ్మా" అన్నాను.